మా అప్ప

ఈ సంచికకు బరంపురము తెలుగు పెద్దలను గూర్చి ఏదైన వ్రాసి పంపుమని సంఘము వారు మమ్ము కోరిరి. పెద్దలకు మా ఊర కొదువ లేదు. రాష్ట్రపతి పదవి నలంకరించిన వి.వి.గిరి గారు 1894లో ఇచ్చటనే జన్మించిరి. వారిని గూర్చి వ్రాయదగినవారు వేరే కలరు. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, నలువది యేండ్లు కచేరీలో దస్త్రములు మోసిన గుమాస్తాలము. మాకు బాగుగా తెలిసిన పెద్ద ఒక్కతే. ఆమె పేరు ఏ శిలాఫలకము మీదను లేదు. రేషను కార్డులలో మాత్రము కొంతకాలము రెండు రాష్ట్రములలోను ఉండెను. ఆమె మా అప్ప.

కన్నడ, తమిళ దేశములలో స్థిరపడిన మన సోదరులు అప్ప యనిన తండ్రి యనుకొందురు. మా వైపున, అనగా గంజాం, శ్రీకాకుళము ప్రాంతములలో, అక్కను అప్ప యందుము. మా మట్టుకు ఆ రెండర్థములును చెల్లినవి.

1967లో మా అమ్మ కాలము చేసెను. అప్పటికి మాకు ఎనిమిదేండ్లు, అప్పకు పదునాలుగు. మా నాయన పట్టుచీరల కొట్టులో పద్దులు వ్రాయుచుండెడివారు. ఉదయము పోయిన రాత్రి తొమ్మిదింటికి గాని ఇల్లు చేరరు. పెద్దకర్మ ముగిసిన మరునాడు అప్ప బడికి పోలేదు. పొమ్మని గాని, మానుమని గాని ఆమెతో ఎవ్వరును అనలేదు. తెల్లవారుజామున లేచి పొయ్యి రాజేసి, మాకు తలంటి, తన పలకను మా సంచిలో పెట్టి మమ్ము వీధి చివరిదాక దిగబెట్టి వచ్చెను. ఎనిమిదవ తరగతి పుస్తకములు చాలకాలము అటక మీద నుండెను. ఎలుకలు కొట్టిన తరువాత వానిని పొయ్యిలోనికి వాడినది కూడ ఆమెయే.

మేము చదివినది ఒడియా బడి. ఇంట మాటలాడునది తెలుగు. ఊర చాల ఇండ్లలో అంతే. మాటకు లోటు లేదు గాని వ్రాతకు వచ్చుసరికి తరము తరమునకు తరుగుచుండెను. అప్పకు మా అమ్మ తెలుగు నేర్పి యుండెను. అందుచేత రాత్రి అన్నముల వేళ దాటిన పిదప, కిరసనాయిలు దీపము ముందు పెద్దబాలశిక్ష తెరచి అప్ప మాకు గురువయ్యెను. రెండు లిపులును గుండ్రనివే గనుక మేము తరచు తికమకపడి, ఒకదాని రూపు తెచ్చి మరియొకదానికి తగిలించెడివారము. అప్పుడామె, "ఒడియా అక్షరానికి గొడుగుంటుందిరా, తెలుగు అక్షరానికి తలకట్టుంటుంది. వానొస్తే గొడుగు, పెళ్ళికి తలకట్టు. గుర్తెట్టుకో" అని చెప్పెడిది. మాకిప్పుడు అరువదియారేండ్లు. నేటికిని ఒడియాలో సంతకము చేయునపుడు ఆ గొడుగు మాట తలపునకు వచ్చును.

మా వీధికి రెండు వీధుల అవతల దేవాంగుల మగ్గములు. బరంపురపు పట్టుకు ప్రసిద్ధి తెచ్చినవారు ఆ తెలుగు నేతవారే యని మీరెరుగుదురు. గుడి గోపురముల వలె వరుసగ లేచు అంచుల చీర, దానికి జతగా మగవానికి పట్టు జోడు.  మా నాయన ఎందరి పెండ్లిండ్లకో ఆ జోళ్ళ లెక్కలు వ్రాసిరి. సొంత కుమార్తెకు కొనుట వారికెంత కష్టమయ్యెనో మాకు తరువాత తెలిసెను.

1971లో అప్పను మేనమామ కొడుకునకిచ్చిరి. ఇచ్ఛాపురము దాటి, ఉద్దానములో, కవిటి వైపున ఒక పల్లె. మా ఊరినుండి ఇచ్ఛాపురము రైలులో అరగంట పైచిలుకు ప్రయాణము. అయినను అది వేరొక రాష్ట్రము. 1936 ఏప్రిల్ ఒకటవ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు బరంపురము అటు పోయెను, ఇచ్ఛాపురము మద్రాసులోనే నిలిచెను. మా నాయనకప్పుడు పదునాలుగేండ్లు. "రాత్రి మద్రాసులో పడుకుని పొద్దున్న ఒరిస్సాలో లేచినాం. మంచం మాత్రం కదల్లేదు" అని వారు నవ్వించెడివారు. కాని అప్పను అత్తవారింటికి సాగనంపిన రాత్రి అరుగు మీద కూర్చుండి, "మీ మావ ఇంటికీ మనింటికీ మధ్యన ఎవడు గీశాడో ఆ గీత" అని ఒక్కమారు అనిరి. అంతకు మించి వారెన్నడును ఫిర్యాదు చేసినది మేమెరుగము.

ఒడియా బడిలో చదివిన పిల్ల తెలుగు రాష్ట్రమునకు పోయెను. తెలుగు దీపము ముందు నేర్చుకొన్న మేము ఒడియా రాష్ట్రమున మిగిలితిమి. ఆ సరిహద్దు పల్లెలలో ఒడియా కుటుంబములు చాల కలవు. వారి బంధువులు గంజాం నుండి వ్రాసిన ఉత్తరములు చదివి పెట్టుటకు, జవాబులు వ్రాయుటకు మా అప్ప వాకిట ఆడవారు చేరుచుండెడివారట. కూలి పుచ్చుకొనుట లేదు. ఎవరైన ఒక పనసకాయయో, ఆనపకాయయో తెచ్చి గుమ్మమున పెట్టిపోయిన, వలదనెడిది కాదు. "ఊరకనే చదివి పెడితే రెండోసారి రావడానికి మొహమాటపడతారు" అని ఆమె చెప్పిన కారణము. పదిమందితో వ్యవహరించు నేర్పును కచేరీలో నలువది యేండ్లకు గాని మేము నేర్వలేదు.

ఉద్దానమనిన ఉద్యానమే యని పెద్దలందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ, ఇసుక నేల, ప్రక్కనే సముద్రము. మేము వేసవి సెలవులకు పోయి ఆ తోటలలో తిరిగిన దినములే మా బాల్యమున మిగులు సంతోషము. 1975లో మేము మెట్రిక్యులేషను పరీక్ష తప్పితిమి. లెక్కలలో తప్పితిమి. పద్దులు వ్రాయువారి కొడుకు లెక్కలలో తప్పుట మా నాయనకు తలవంపులయ్యెను. వారు నెలదినములు మాతో మాటలాడలేదు. అప్ప వచ్చెను. చంకలో బిడ్డ, చేతిలో కొబ్బరికాయల గోనె. మరల పరీక్షకు కట్టవలసిన రుసుము కొంగుముడి విప్పి నాయన ముందు పెట్టెను. "కాయలమ్మిన డబ్బు. మా ఆయన్ని అడిగే తెచ్చాను" అనెను. ఆ రెండవ మాట నాయన అడుగక ముందే చెప్పవలెనని ఆమెకు తోచుట గమనింపుడు. మరుసటి యేడు గట్టెక్కితిమి. 1979లో ఛత్రపురమున ఒక కచేరీలో గుమాస్తా పని దొరకెను. ఉద్యోగ జీవితమును గూర్చి చెప్పదగినది ఇంకేమియు లేదు.

మా ఊర బూఢీ ఠాకురాణి యాత్ర రెండేండ్లకొకమారు చైత్రమాస ప్రాంతమున జరుగును. అమ్మవారిని దేశి బెహరా వీధికి, అనగా ఆమె పుట్టింటికి, తోడ్కొని వత్తురు. తెలుగు నేతవారి పెద్దయగు దేశి బెహరా ఆమెకు తండ్రి వరుస. అమ్మవారు పుట్టింట ఇంచుమించు నెలదినములుండి మరల గుడికి పోవును. ఆ నెల ఊరంతయు వేషములు, పులి ఆటలు, ఆవేశములు. అప్ప ప్రతి యాత్రకును తప్పక వచ్చెడిది. అమ్మవారికి నెల, తనకు వారము చాలుననెడిది. దీపము గల కుండను తల మీద పెట్టుకొని పోవు ఆడువారి వెంట నాలుగు వీధులు నడచి వచ్చి, కాళ్ళకు నూనె రాచుకొనుచు మా పిల్లలకు కథలు చెప్పెడిది. అమ్మవారిని గుడికి పంపు రాత్రి వరకు ఆమె ఎన్నడు నిలువలేదు. కారణమడిగితిమి. "అత్తోరింటికి ఎల్లిపోడం చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని రావాలా? నాకు తెల్దా?" అని నవ్వెను.

2011లో ఆమెకు కాళ్ళు పొంగుట, అన్నము సయింపకపోవుట మొదలయ్యెను. వయసు మీద పడుచున్నదని అందరము అనుకొంటిమి. రక్తము పరీక్షించగా క్రియాటినిన్ ఆరు ఉండెను. సాధారణముగ ఒకటికి అటు ఇటుగ నుండవలసినది. ఉద్దానమున ఈ వ్యాధిని గూర్చి పత్రికలలో చదువని తెలుగువారు నేడుండరు. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో మధుమేహము లేనివారికి, రక్తపోటు లేనివారికి, ఒళ్ళు వంచి పనిచేయు రైతుకూలీలకు మూత్రపిండములు చెడిపోవుచున్నవి. నొప్పి యుండదు. తెలిసికొనునప్పటికి చాల భాగము పోయి యుండును. నీరనిరి, నేలయనిరి, ఎండలో నీరు చాలక చేయు పని యనిరి, వాడు మందులనిరి. దేశవిదేశముల నుండి శాస్త్రజ్ఞులు వచ్చి సీసాలతో నీరు పట్టుకొని పోయిరి. కారణమిది యని నేటికిని అందరొప్పుకొనునట్లు తేలలేదు. అప్ప వీధిలో ఆమెకు ముందు ముగ్గురు పోయిరి.

2013 వేసవినుండి డయాలిసిస్ మొదలయ్యెను. సోంపేట, పలాసలలో కేంద్రములు తరువాతి కాలమున వచ్చినవి. అప్పుడు శ్రీకాకుళము పోవలెను. నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము, వారమునకు రెండు మారులు. యంత్రము ముందు నాలుగు గంటలు, రాకపోకలకు తక్కిన దినమంతయు. చేతి నరమునకు శస్త్రము చేసి, రక్తము జోరుగ పారునట్లు చేసిరి. ఆ ఎడమచేతికి గాజులు వేయరాదు, ఆ చేత బరువెత్తరాదు. ఒకనాడామె మా వ్రేళ్ళను పట్టి ఆ చోట పెట్టెను. లోపల తుమ్మెద మూసిపెట్టినట్లు జుమ్మను అదురు. "చూశావా, నా చేతిలో మిల్లు పెట్టారు" అనెను.

రోజుకు ఒక లీటరు నీటికి మించి త్రాగరాదు. అందులోనే కాఫీ, అందులోనే చారు. ఇసుక నేలల ఎండలో అది ఎట్టి శిక్షయో అనుభవించినవారికే తెలియును. అన్నింటికంటె వింత యేమనగా, కొబ్బరినీరు మానుమనిరి. దానిలోని పొటాషియము అట్టి రోగికి గుండె నాపగలదట. నలువది యేండ్లు కొబ్బరితోటలో బ్రతికిన మనిషి, ఇంటికి వచ్చినవారికెల్ల బొండములు కొట్టించి యిచ్చుచు తాను చూచుచుండెను. మేము వలదనిన ఒప్పుకొనెడిది కాదు. "నాకొద్దన్నారని నీకూ మానిపిస్తానా?" అని గదమాయించెడిది.

ఇక వ్రాయవలసినది వ్రాయక తప్పదు.

ఆ యేడు శ్రావణమాసమున విశాఖపట్టణమున ఒక పెద్ద డాక్టరు గారు, మార్పిడి సంగతి ఆలోచింపుడనిరి. బావకు మధుమేహము, పనికిరారు. ఒక్కగానొక్క కుమారునిది తీసికొనుటకు అప్ప ససేమిరా అనెను. వానికి చిన్న పిల్లలు. మిగిలినది మేము. రక్తము గ్రూపు కలిసెను. 1994 చట్టము తోబుట్టువులను దగ్గరి బంధువులుగనే లెక్కించును. కావున కాగితముల చిక్కు పెద్దగా లేదు. డాక్టరు గారు మా వైపు చూచిరి. అప్ప చూడలేదు. గోడకున్న క్యాలెండరు చూచుచుండెను. "ఇంట్లో ఒకసారి అడిగి చెబుతామండీ" అని మేమంటిమి.

ఇంట అడిగితిమి. మా ఇల్లాలు వలదనలేదు, ఇమ్మననూలేదు. "మీ ఇష్టం" అని వంటింట్లోనికి పోయెను. అమ్మాయికి సంబంధములు చూచుచున్న కాలము. ఉద్యోగము ఇంకను కొన్ని యేండ్లుండెను. ఇవన్నియు కారణములే, అబద్ధములు కావు. కాని రాత్రివేళ మేము మేలుకొని లెక్క వేసినది వానిని కాదు. కత్తికి జడిసితిమి. అంతకంటె గౌరవమైన మాట దొరకుట లేదు. వారము గడచెను. రెండు గడచెను. ఆదివారములు ఉద్దానము పోవు అలవాటు గలవారము, కచేరీలో పని యున్నదని పోలేదు. మూడవ వారము ఇన్‌లాండు ఉత్తరము వచ్చెను. ఫోను ఇంటింట వచ్చిన తరువాతను ఆమె మాకు ముఖ్యమైన సంగతులు ఉత్తరముననే వ్రాసెడిది.

"చిరంజీవి తమ్ముడికి అప్ప ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ క్షేమం. మొన్న విశాఖపట్నం వెళ్ళినప్పుడు నేను డాక్టరుగారితో ఆ పని వద్దని చెప్పేశాను. నాకు అరవై వచ్చినాయి. ఇంకా ఎన్నాళ్ళు. నిన్ను చిన్నప్పటినుంచి ఎత్తుకు తిరిగిన చేతులతో నీ పొట్ట కోయించలేను. నువ్వు దీని గురించి నిద్ర మానుకోకు. అమ్మాయి సంబంధం ఎంతవరకు వచ్చింది. కాయలు పంపుతాను."

ఆ ఉత్తరము చదివినపుడు మాకు మొదట కలిగినది దుఃఖము కాదు, ఊరట. భుజముల మీది గోనె దింపినట్లయ్యెను. ఆ రాత్రి చక్కగా నిద్రపోతిమి. మరునాడు ఉదయము ముఖము కడుగుకొనుచుండగా సిగ్గు పుట్టెను. జవాబు వ్రాయ కూర్చుంటిమి. పై పంక్తి వ్రాసి ఆపితిమి. ఆమె వ్రాసిన ఉత్తరములలో మేము జవాబు వ్రాయనిది అది యొక్కటే.

తరువాత మూడు వారములకు ఫైలిన్ తుఫాను వచ్చెను. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి, దసరా దినములలో, మా గోపాలపురము దగ్గర తీరము దాటెను. మా ఊర పెంకులు, రేకులు కాగితముల వలె ఎగిరినవి. తెల్లవారి చూడగా వీధిలో నిలిచిన చెట్టు కనబడలేదు. రైళ్ళు లేవు, ఫోనులు లేవు. అప్ప యంత్రమునకు పోవలసిన దినము వచ్చిపోయెను. మేము పొరుగువారి మోటారు సైకిలు అడిగి, వారి అబ్బాయిని తోడు తీసికొని 14వ తేదీ ఉదయము బయలుదేరితిమి. రోడ్డుకడ్డముగ పడిన చెట్ల మధ్య బండి ఎత్తుచు, దింపుచు, అరగంట రైలు దారికి సగము దినము పట్టెను.

ఉద్దానమున తలలు తెగిన కొబ్బరిచెట్లు, వేళ్ళతో లేచి పడిన జీడిచెట్లు. అప్ప పడిన మాను మీద కాళ్ళు చాపుకొని కూర్చుండెను. ముఖము ఉబ్బి యుండెను, ఊపిరి చాలుట లేదు. మమ్ము చూచి, "ఏటిరా, ఇంత వానలో గొడుగు లేకుండా వచ్చినావు?" అనెను. మేనల్లుడు ఎట్లో ఒక జీపు కుదిర్చెను. శ్రీకాకుళము దారిలో ఆమె తల మా ఒడిలో నుండెను. అప్పుడు చెప్పితిమి. "అప్పా, నేనిస్తాను. రేపే విశాఖపట్నం పోదాం" అంటిమి. ఆమె కన్నులు తెరువలేదు.

"ఉత్తరం అందలేదా?"

"అందింది."

"మరి జవాబు రాయలేదేం?"

మేము మాటలాడలేదు. కొంతసేపటికి ఆమెయే, "చెట్లు మళ్ళీ కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడతాది. గుంటడు ఎలా నెట్టుకొస్తాడో" అని కొడుకు సంగతి తీసెను. ఆ రాత్రి యంత్రము ఎక్కించిరి, తేరుకొనెను. మా మాటను ఆమె ఎన్నడును మరల ఎత్తలేదు. మేమును ఎత్తలేదు. జీపులో అన్న మాట నిజముగనే అంటిమా, ఆమె ఒప్పుకొనదని తెలిసియే అంటిమా యన్నది ఇన్నేండ్లుగ మేము తేల్చుకొనలేదు.

మరి మూడేండ్లు బ్రతికెను. మా అమ్మాయి పెండ్లికి వచ్చి పందిట కూర్చుండి, పెండ్లికొడుకు ఒడియా చుట్టములకు తెలుగు వేడుకలు, మా చుట్టములకు వారి వేడుకలు విడమరచి చెప్పెను. 2015 యాత్రకు కూడ వచ్చెను. నడువలేక అరుగు మీద కుర్చీ వేయించుకొని చూచెను. ఆ మారు మాత్రము వారముతో పోలేదు. అమ్మవారిని సాగనంపు రాత్రి వరకు ఉండెను, నడుమ రెండు మారులు ఇచ్చటనే బరంపురమున యంత్రము ఎక్కించుకొని. 2017 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారము, నిద్రలో పోయెను.

2018 అక్టోబరున తిత్లీ తుఫాను వచ్చి, ఫైలిన్ తరువాత నాటిన మొక్కలను కూడ పెరికివేసెను. మేనల్లుడు మూడవమారు నాటెను. ఇప్పుడు అవి మనిషెత్తు దాటి కాపునకు వచ్చినవి. 2023 డిసెంబరున పలాసలో మూత్రపిండముల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము తెరచిరి. ఆ నెలలోనే హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా వంశధార నీటిని ఉద్దానమునకు తెచ్చు పథకము ప్రారంభమయ్యెను.

తరువాతి సంక్రాంతికి మేము పోగా మేనల్లుని వాకిట కుళాయి యుండెను. వాడు ఒక రాగిచెంబు కడిగి నిండుగా పట్టి, వాళ్ళమ్మ పటము ముందు పెట్టెను. పిదప మాకొక చెంబు ఇచ్చెను. త్రాగితిమి. పాత నూతినీటికిని దీనికిని రుచిలో భేదమున్నదా యని వాడడిగెను. మాకేమియు తెలియలేదు. బొండము కొట్టించమందువా మావా యని అడిగెను. కొట్టించుమంటిమి.